హెడ్డింగు దాటని తృప్తి

ప్రశ్న: నేను ఎమ్మే రెండో ఏడాది. వార్తలన్నీ ఫోన్‌లోనే చూస్తాను. నోటిఫికేషన్ మోగితే తెరిచేదాకా తోచదు, చూశాక హాయిగా ఉంటుంది. మొన్న గ్రూప్ డిస్కషన్‌లో ఆ పొద్దున చదివిన వార్త గురించే అడిగితే హెడ్డింగ్ తప్ప ఒక్క ముక్క చెప్పలేకపోయాను. అయితే ఆ తృప్తి ఉత్తదేనా?

జవాబు: ఉత్తదేమీ కాదు. కాకపోతే అది వార్త వల్ల వచ్చింది కాదు, చూడటం వల్ల వచ్చింది. ఫోన్లు రాకముందూ ఇంతే. 1945లో న్యూయార్క్‌లో పేపర్లు చేరవేసేవాళ్లు సమ్మె కట్టారు. పేపరు లేక మీకేం లోటయిందని బెర్నార్డ్ బెరెల్సన్ అనే పరిశోధకుడు పాఠకుల్ని ఆరా తీయించాడు. ప్రపంచ సంగతులు తెలియాలి కదా అని దాదాపు అందరూ అన్నారు. ఫలానా ఏ వార్త కోసం అంటే మాత్రం చాలామంది నీళ్లు నమిలారు. వాళ్లకు కరువైంది ఆ చదివే అలవాటే.

తర్వాతి పరిశోధకులు దీన్ని రెండుగా విడదీశారు: కోరుకున్న తృప్తి, దక్కిన తృప్తి. కబుర్లలో వెనకబడకూడదనుకుంటే హెడ్డింగ్ చాలు, కోరుకున్నదే దక్కినట్టు. మీరు చర్చకు సరుకు కావాలనుకున్నారు. అక్కడ తేడా కొట్టింది.

ఇందులో మా పాపమూ ఉంది. నేను డెస్కులో హెడ్డింగులు పెట్టి బతికినవాణ్ని. అచ్చు పేపరుకైతే ‘పరీక్ష ఫీజు పెంపు’ అని తేల్చి రాసేవాళ్లం. వెబ్‌సైట్‌కి మారాక అదే వార్తకి ‘పరీక్ష ఫీజుపై కీలక నిర్ణయం’ అని పెట్టమన్నారు. పెరిగిందో తగ్గిందో తెలియాలంటే నాలుగో పేరా దాకా రావాలి. పక్క స్క్రీన్ మీద గ్రాఫ్ కనిపిస్తూనే ఉండేది, రెండో పేరాకే సగం మంది జారిపోయేవారు. క్లిక్ పడింది కదా, మాకది చాలు.

నోటిఫికేషన్లు కట్టేసి, రోజుకు రెండుసార్లు మీకై మీరు వెళ్లి చూడండి. వాటిలో ఒక్క వార్తను చివరిదాకా చదివి, ఫోన్ బోర్లా పెట్టి, ఎవరు, ఎప్పుడు, ఎంత అన్నది పైకి చెప్పుకోండి. హాస్టల్ గదిలో ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. ‘ఎంత’ దగ్గర నోరు ఆగిపోతుంది చూడండి, మళ్లీ తెరవాల్సింది అక్కడే. మ్యాచ్ స్కోర్లకూ సినిమా కబుర్లకూ ఈ తతంగం అక్కర్లేదు. వాటిని మామూలుగానే చూసి సంతోషించండి.