జోన్ నంబర్ ఒక్కటే చాలదు, ఎత్తు కూడా చూడు

తమ్ముడూ,

నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడివని నువ్వే రాశావు కాబట్టి చనువుగా నువ్వు అనేస్తున్నా. జర్మనీ వచ్చిన నాలుగేళ్లకే సొంతిల్లు మొదలుపెడుతున్నావంటే మెచ్చుకోవాల్సిందే, మాకు పదకొండేళ్లు పట్టింది. కానీ "మాది స్నో లోడ్ జోన్ 2 (ఇంటి కప్పు ఎంత మంచు బరువుకి కట్టాలో చెప్పే ప్రాంతాల విభజన) అని తెలిసింది, ఇక పని అయిపోయినట్టేగా?" అని అడిగావు చూడు, అక్కడ నవ్వొచ్చింది. సరిగ్గా ఇలాగే అనుకుని నేను చేతులు కాల్చుకున్నాను.

మన ఊళ్లలో ఇంటి పైన బరువు అంటే వాటర్ ట్యాంకే. మంచుకీ బరువుంటుందనీ, దాన్నిబట్టి వాసాల మందం మారుతుందనీ నాకేం తెలుసు? ఫెర్టిగ్‌హౌస్, అంటే ఫ్యాక్టరీలో చేసి తెచ్చి బిగించే రెడీమేడ్ ఇల్లు, అమ్మే ఆయన కేటలాగ్ ధర చూపించి "మీ ష్నేలాస్ట్‌జోన్ (స్నో లోడ్ జోనే) ఎంత?" అన్నాడు. ఫోన్‌లో పక్కనున్న జిల్లా కేంద్రం పేరు కొట్టి, 2 అని ఠక్కున చెప్పేశా. ఆయన రాసుకున్నాడు. నోటార్ (నోటరీ) దగ్గర స్థలానికి సంతకం, ఇంటి కాంట్రాక్టుకి సంతకం, బ్యాంకు లోను, అన్నీ చకచకా అయిపోయాయి. మూడు నెలలకి స్టాటికర్ (కట్టడం బలం లెక్కకట్టే ఇంజినీరు) లెక్కలు వచ్చాయి, వాటి వెంటే 4,700 యూరోల అదనపు బిల్లూ వచ్చింది.

నేను చెప్పిన జోన్ తప్పు కాదు. తప్పల్లా ఎత్తు చెప్పకపోవడం. జిల్లా కేంద్రం లోయలో 300 మీటర్ల ఎత్తున ఉంది, మా స్థలం కొండ మీద 600 మీటర్ల దగ్గర. రెండూ 2వ జోనే. అయినా లెక్క ప్రకారం కింద లోయలో నేల మీద చదరపు మీటరుకి 89 కిలోల మంచు బరువు అయితే, మా దగ్గర 206 కిలోలు! బెర్లిన్ కూడా 2వ జోనే, అక్కడ మామూలు లెక్కలో 85 కిలోలే. ఒకే నంబరు, బరువు రెట్టింపు పైన. కేటలాగ్ ధర తక్కువ బరువుకి వేసిందని కాంట్రాక్టు ఆరో పేజీలో సన్నక్షరాల్లో ఉంది. నాది అప్పటికి ఆ పేజీ చదివేంత జర్మన్ కాదు, చదివించుకునేంత వినయమూ లేదు.

ఆ డబ్బు లోనులో లేదు, చేతిలోంచి పోయింది. ఆ వేసవి ఇండియా టిక్కెట్లు మానుకున్నాం. మా ఆవిడ ఇప్పటికీ మంచు పడ్డప్పుడల్లా కిటికీలోంచి చూస్తూ "అదిగో, మన టిక్కెట్లు" అంటుంది.

బిల్లు చూసి నేనో తెలివి చూపించబోయాను. కప్పు వాలు 30 డిగ్రీలు దాటితే మంచు జారిపోతుందని లెక్కలో బరువు తగ్గిస్తారు, 45 డిగ్రీలకైతే సగమవుతుంది. వాలు పెంచేద్దాం అన్నాను. స్టాటికర్ ఓపిగ్గా విని, మీ కప్పు కాలిబాట వైపు వాలింది, మంచు జనం మీద పడకుండా అంచున అడ్డుజాలీ పెట్టాలి, అది పెడితే తగ్గింపు ఉండదు అన్నాడు. వాలు మార్చినందుకు ప్లాను ఖర్చు అదనం అవుతుందనీ అన్నాడు. నోరు మూసుకుని 28 డిగ్రీలకే ఉండిపోయాను. ఆ వాలుకి నేల మీది బరువులో 80 శాతం కప్పు మీద ఉంటుందని లెక్క. అంటే మాకు చదరపు మీటరుకి 165 కిలోలు, వంద చదరపు మీటర్లకి 16 టన్నుల పైచిలుకు.

ఇంత తెలిశాక కూడా కార్‌పోర్ట్ (కారు నిలిపే షెడ్డు) దగ్గర మళ్లీ బోల్తాపడ్డాను. డిస్కౌంట్‌లో వస్తోందని కిట్ కొన్నా. లారీ దించి వెళ్లాక పక్కింటి పెద్దాయన పెట్టె మీది అక్షరాలు చూసి తల అడ్డంగా ఊపాడు. దానికి చదరపు మీటరుకి 125 కిలోలే ఓపిక. వాపసు తీసుకున్నారు గానీ రవాణా డబ్బులు రాలేదు.

2006 జనవరి 2న బవేరియాలోని బాడ్ రైషెన్‌హాల్ ఊళ్లో మంచు పేరుకున్న ఐస్ రింక్ కప్పు కూలి 15 మంది చనిపోయారు. తేమకి ఆగని జిగురు, కట్టేటప్పటి లెక్కల లోపాలు తర్వాత విచారణలో బయటపడ్డాయి. అందుకే ఇక్కడ స్టాటికర్ దగ్గర బేరాలు పెట్టుకోను. నీ ఇల్లు కూలుతుందని నా భయం కాదు, లెక్క వాళ్లు సరిగ్గానే వేస్తారు. ఆ లెక్క నువ్వు సంతకం పెట్టాక వస్తుందనేదే నా బాధ.

రూల్స్ సంగతి నువ్వే చూసుకోగలవు. జోన్లు 1, 1ఎ, 2, 2ఎ, 3 అని ఐదు. 'ఎ' ఉంటే పాతిక శాతం ఎక్కువ. ఏ గ్రామం ఏ జోనో డీఐబీటీ అనే జర్మన్ నిర్మాణ సాంకేతిక సంస్థ పట్టికలో దొరుకుతుంది, సందేహం ఉంటే బౌఆమ్ట్‌లో (ఇళ్ల అనుమతులిచ్చే ఆఫీసులో) అడుగు. పోస్టల్ కోడ్ కొట్టి చూస్తే కొన్నిసార్లు పక్క ఊరి ఫలితం వస్తుంది, నీ గ్రామం పేరుతోనే చూడు.

నోటార్ తేదీ ఇంకా పది రోజులుందన్నావు కాబట్టి ఈ రాత్రే కంపెనీకి మెయిల్ పెట్టు. స్థలం చిరునామా, సముద్రమట్టం నుంచి ఎన్ని మీటర్లో రాసి, మీ ధరలో చదరపు మీటరుకి ఎంత మంచు బరువు కలిపారు, నా స్థలానికి అదనంగా ఎంతవుతుంది అని అడుగు. తర్వాత సోలార్ పెట్టే ఆలోచన ఉంటే ఆ బరువూ ఇప్పుడే కలపమను. ఫోన్‌లో "ఏం పర్లేదు" అంటే ఒప్పుకోకు, అంకె రాతలో రానీ. కార్‌పోర్ట్ మాత్రం నన్నడక్కుండా కొనకు.