డిప్లొమాలో చేరితే చదువు తగ్గినట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయి టెన్త్ మంచి మార్కులతో పాసైంది. పాలిసెట్‌లోనూ ర్యాంకు వచ్చింది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతానంటోంది. నేనేమో ఇంటర్ ఎంపీసీ అంటున్నాను. డిప్లొమా అంటే స్థాయి తగ్గినట్టు కాదా? - ఒక తండ్రి, కాకినాడ

జవాబు: ముందు ఏళ్లు లెక్కేద్దాం. ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు: ఆరు. డిప్లొమా మూడు, డిప్లొమా వాళ్లకు పెట్టే ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరితే ఇంకో మూడు: అదీ ఆరే. పైగా మధ్యలో ఆగాల్సి వచ్చినా చేతిలో డిప్లొమా ఉంటుంది. రైల్వేలో జూనియర్ ఇంజినీర్ (జేఈ) పోస్టులకు అది చాలు.

స్థాయి సంగతంటారా? నా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడు ఇంటర్ ఫిజిక్స్‌లో కిర్కాఫ్ సూత్రాల సర్క్యూట్ లెక్కలు చకచకా చేసేవాడు. బీటెక్ ల్యాబ్‌లో కరెంటు కొలిచే అమ్మీటర్‌ను సిరీస్‌లో కాకుండా నేరుగా సప్లయికి కలిపి ఫ్యూజు ఎగరగొట్టాడు. ఇంటర్‌లో ప్రాక్టికల్ రికార్డంతా పక్కవాడిది చూసి రాసిందేనట. ఇది వాడొక్కడి కథ కాదు లెండి.

అలాగని డిప్లొమాలో అంతా బాగుందనీ అనను. మెట్లకు రెండువైపులా స్విచ్చులుండే వైరింగ్ కళ్లు మూసుకుని చేసే పిల్లలు, బీటెక్‌లోకి వచ్చాక వెక్టర్ క్యాలిక్యులస్ దగ్గర చతికిలపడటం చాలాసార్లు చూశాను. బీటెక్ మొదటి ఏడాది గణితం చదవకుండానే రెండో ఏడాదిలోకి దూకుతారు మరి. ఈసెట్‌లో 200 మార్కులకు 100 బ్రాంచి సబ్జెక్టులవి, 50 గణితానివి, మిగతావి ఫిజిక్స్, కెమిస్ట్రీలవి. కాబట్టి చేరిన రోజు నుంచే అమ్మాయి రోజూ గంటసేపు ఇంటర్ గణితం చేయాలి. డెరివేటివ్స్, ఇంటిగ్రేషన్ అసలు వదలకూడదు. దీనికి ఆమె ఒప్పుకుంటే నిశ్చింతగా పంపండి. మనసు ఐఐటీ మీద ఉంటే మాత్రం ఎంపీసీనే నయం.

కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టేముందు అమ్మాయిని వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్లండి. ఆఫీసులో కాదు, ఎలక్ట్రికల్ ల్యాబ్ దగ్గర నిలబడి ఫైనలియర్ పిల్లల్ని అడగండి: మోటారును మీ చేతులతో ఎన్నిసార్లు స్టార్ట్ చేశారు, ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కు నిజంగా వెళ్లారా, సర్టిఫికెట్ మాత్రమే తెచ్చుకున్నారా అని. మోటార్ల మీద దుమ్ము పేరుకుని కనిపిస్తే ఆ కాలేజీని లిస్టులోంచి కొట్టేయండి.