పెరట్లో పట్టిన అనోల్ బల్లి తినట్లేదా? ముందు నీళ్ల సంగతి చూడండి

గిన్నెలో నీళ్లున్నా బల్లి తాగడం లేదు, తినకపోవడానికి అసలు కారణం అదే అయ్యుంటుంది. హ్యూస్టన్‌లో మీ బాబు పట్టిన పచ్చ బల్లి మూడు రోజులుగా తినట్లేదు, గోధుమ రంగుకు మారింది అన్నారు. అది గ్రీన్ అనోల్. బెదిరినా, చలేసినా రంగు అలాగే మారుతుంది.

1. అనోల్స్ గిన్నెలోని నీళ్లను సాధారణంగా పట్టించుకోవు. ఆకుల మీది చుక్కల్ని నాకి తాగుతాయి. చాలామంది గమనించనిది ఇదే. రోజుకు రెండుసార్లు ఆకుల మీద, పెట్టె అద్దం మీద చుక్కలు నిలిచేలా స్ప్రే చేయండి. తర్వాత దూరంగా కూర్చుని చూడండి. నాలుకతో నాకుతుంటే తాగుతున్నట్టే. దాహం తీరకుండా తిండి ముట్టదు.

2. పెట్టెలో ఒక మూల బల్బు కింద 85-90 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉండాలి, రెండో వైపు చల్లగా ఉండాలి. యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) ఇచ్చే లైటు కూడా తప్పనిసరి. కిటికీలోంచి పడే ఎండ సరిపోదు, అద్దం ఆ కిరణాల్ని ఆపేస్తుంది.

3. చిన్న కీచురాళ్లకు కాల్షియం పొడి అద్ది, ప్రాణంతోనే వేయండి. మిగిలినవి రాత్రికి తీసేయండి, బల్లిని కొరుకుతాయి.

4. చేత్తో పట్టుకోవద్దు, తోక ఊడొచ్చు. బాబుకు కష్టంగానే ఉంటుంది, అయినా చెప్పండి. ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడిగించండి, సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు.

ఇంకో రెండు మూడు రోజుల్లో తినకపోతే, పట్టిన చోటే ఎండ ఉన్నప్పుడు వదిలేయండి.