హనోయ్‌లో ఇద్దరికీ కలిపి ఒకటే సిమ్

"ఊరూ భాషా తెలియని విదేశీ నగరానికి బ్యాగు తగిలించుకుని వెళ్లాలంటే ఫ్రెండ్‌తో వెళ్లడం మంచిదా, ఒంటరిగానా?" అని అడిగారు. ఫ్రెండ్‌తోనే వెళ్లండి. ఇందులో నాకు రెండో మాట లేదు. కాకపోతే ఫోనూ, డబ్బూ, దారీ అన్నీ ఒకళ్ల చేతిలో పెట్టి, రెండోవాళ్లు వెనకాల నడిచే పద్ధతిలో మాత్రం వెళ్లకండి. ఎందుకో చెప్పాలంటే వియత్నాం రాజధాని హనోయ్‌లో ఒక శుక్రవారం రాత్రి సంగతి చెప్పాలి.

2023 నవంబర్ అది. నాది తెనాలి, నాతో వచ్చిన ఫ్రెండ్‌ది కరీంనగర్. హైదరాబాద్‌లో ఒకే హాస్టల్ గదిలో నాలుగేళ్లు ఉన్నాం. తనకి మ్యాప్ చూడటం వచ్చు, బేరం ఆడటం వచ్చు, కొత్తవాళ్లతో మాట్లాడటానికి బెరుకు లేదు. ఎయిర్‌పోర్ట్ నుంచి 86వ నంబరు బస్సు ఎక్కి 45,000 డాంగ్‌ల (వియత్నాం డబ్బు) టికెట్టు తీసుకున్నప్పటి నుంచి అన్నీ తనే చూసుకుంది. "ఇద్దరికి ఒక్క సిమ్ సాలదా, హాట్‌స్పాట్ పెట్టుకుందాం" అంది. నాకూ సబబుగానే అనిపించింది. నా పాస్‌పోర్ట్ కూడా తన బ్యాగులోనే లోపలి జిప్పులో ఉండేది. రెండు రోజులు నేను తన వెనకాలే నడిచాను. ఏ వీధి పేరూ చదవలేదు. అక్కడ మేం దిగిన హాస్టల్ పేరు కూడా గుర్తు పెట్టుకోలేదు.

మేం దిగింది పాత బస్తీలో. అక్కడ చాలా వీధుల పేర్లు 'హాంగ్'తో మొదలవుతాయి. హాంగ్ అంటే సరుకు. హాంగ్ బాక్ వెండి వీధి, హాంగ్ మా కాగితం సామాన్ల వీధి. ఒక్కో వృత్తివాళ్లు ఒక్కో వీధిలో స్థిరపడటంతో ఆ పేర్లు వచ్చాయి. కొన్ని చోట్ల పేరు మిగిలి సరుకు మారిపోయింది. కొన్ని చోట్ల ఇప్పటికీ అదే పని. మన హైదరాబాద్ లాడ్ బజార్‌లో గాజుల దుకాణాలు వరసగా ఉన్నట్టే.

శుక్రవారం నుంచి ఆదివారం దాకా సాయంత్రాలు హోవన్ కియెమ్ సరస్సు దగ్గర హాంగ్ దావో నుంచి ఉత్తరంగా డోంగ్ సువాన్ మార్కెట్ వరకు రాత్రి బజారు పెడతారు. జనం మధ్య అడుగు తీసి అడుగు వేయడం కష్టం. ఒకచోట టోపీలు చూస్తూ ఆగాను. తలెత్తేసరికి తను లేదు. ముందుకి వెళ్లాను, వెనక్కి వచ్చాను. నా ఫోన్ తీస్తే తన హాట్‌స్పాట్ లేదు. చేతిలో డబ్బు తక్కువ, పాస్‌పోర్ట్ లేదు, ఎక్కడికి వెళ్లాలో చెప్పడానికి పేరు లేదు. నాకు చేతులు చల్లబడిపోయాయి. నిజంగా భయపడ్డాను.

పది నిమిషాలు ఒక గోడకి ఆనుకుని నిలబడి, ఆ రెండు రోజుల్లో నేను సొంతంగా గమనించింది ఏమైనా ఉందా అని ఆలోచించాను. ఒక్కటే గుర్తొచ్చింది. పొద్దున్నే హాస్టల్ కిటికీలోంచి రేకుల మీద సుత్తి చప్పుడు వినపడేది. కింద దుకాణాల్లో రేకులతో పెట్టెలు, గొట్టాలు చేస్తుండేవాళ్లు.

పేవ్‌మెంట్ మీద మా అమ్మమ్మ వయసున్న ఒకావిడ చిన్న ప్లాస్టిక్ స్టూళ్లు వేసి ఐస్ టీ అమ్ముతోంది. ఆమెకి ఇంగ్లిష్ రాదు. నేను ఎడమ అరచేతిని రేకులా చాచి, కుడి పిడికిలితో టక్ టక్‌మని కొట్టి చూపించాను. మొదటిసారి అర్థం కాలేదు. పక్కనున్న రేకు డబ్బా చూపించి మళ్లీ కొట్టాను. ఆవిడ ముఖం విప్పారింది. "హాంగ్ థియెక్!" అంది. రేకుల వీధి. నేను తలూపాను. ఆవిడ గ్లాసులు వదిలేసి లేచి, నా మణికట్టు పట్టుకుని రోడ్డు దాటించింది.

ఆ రోడ్డు దాటడం గురించి ఒక మాట. అక్కడ మోటార్‌సైకిళ్లు ఏరులా వస్తూనే ఉంటాయి, ఆగుతాయని చూస్తే తెల్లారిపోతుంది. మెల్లగా, ఒకే వేగంతో నడుస్తూ ఉండాలి. బళ్లవాళ్లు మన నడక చూసుకుని పక్కనుంచి తిప్పుకుంటారు. మధ్యలో ఆగడం, వెనక్కి గెంతడం ప్రమాదం. కార్లూ బస్సులూ మాత్రం అలా తప్పుకోవు, వాటిని పోనివ్వాలి. ఇదంతా నాకు ఆవిడ చెయ్యి నేర్పింది.

లాన్ ఓంగ్ వీధి మొదట్లో నన్ను వదిలి నేరుగా పొమ్మని చూపించింది. దుకాణాలు మూసేసినా వేళ్లు, బెరళ్లు, ఎండిన పూల వాసన గుప్పుమంది. సంప్రదాయ మందులు అమ్మే వీధి అది. పొద్దున ఆ వాసన మీదుగానే నడిచామని అప్పుడు గుర్తొచ్చింది. చివరిదాకా వెళ్లి ఎడమవైపు తిరిగి, ఇంకాస్త నడిస్తే హాంగ్ థియెక్.

తను హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి అరిచింది. "ఏడికి వోయినవే? నీ పాస్‌పోర్ట్ నా దగ్గర్నే ఉన్నది. నీకేమన్నా అయితే మీ అమ్మకు నేనేం చెప్పాలె?" అని ఏడ్చేసింది. నాకంటే తనే ఎక్కువ భయపడింది. రెండు రోజులుగా ఇద్దరి బరువూ తనొక్కతే మోసిందని, నేను దాన్ని సుఖం అనుకున్నానని అప్పుడు తెలిసింది. స్నేహాలు ప్రయాణాల్లో చెడిపోయాయని చాలామంది అంటారు కదా, నా లెక్కలో చాలావరకు ఈ బరువు వల్లే.

మర్నాడు ముందు ఇంకో సిమ్ కొన్నాం. ఒకరోజు దారి నాది, ఒకరోజు తనది అనుకున్నాం. డబ్బు, పాస్‌పోర్ట్ ఎవరివి వాళ్ల దగ్గర. అక్కడి 20,000 నోటూ, 5,00,000 నోటూ రెండూ నీలంగానే ఉంటాయి. అప్పటి లెక్కలో ఒకటి డెబ్భై రూపాయలు, ఇంకోటి పదిహేడు వందల పైన. రాత్రి వెలుతురులో ఇట్టే పొరపడతాం. అందుకని పెద్ద నోట్లు వేరే అరలో పెట్టుకోండి.

"అక్కడ మనకి తినడానికి ఏం దొరకదు" అని మనవాళ్లు ఊరికే భయపెడతారు. అది నాకు బాధ. 'ఆన్ చాయ్' అంటే శాకాహారం. ఆ బోర్డున్న హోటళ్లు వెతుక్కుంటే దొరుకుతాయి. చాంద్రమాసంలో ఒకటో రోజు, పదిహేనో రోజు మాంసం మానేసేవాళ్లు వాళ్లలోనూ చాలామంది ఉన్నారు. చేపల సాస్ ఒక్కటి వద్దని గట్టిగా చెప్పుకోవాలి. ఇంకో బాధ టూర్ ప్యాకేజీలు. హనోయ్‌కి ఒక పూట, హాలాంగ్ బే అనే సముద్రపు ఖాతానికి ఒక రోజు అని వేస్తారు. ఒక పూటలో ఆ పాత వీధులు ఎవరికీ అర్థం కావు.

ఆ సాయంత్రం దారి నా వంతు. ఫోన్ తీయకుండానే తనని టీ అమ్మే పెద్దావిడ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ నన్ను దూరం నుంచే చూసి అరచేతిలో పిడికిలితో రెండుసార్లు కొట్టి చూపించి, పక్కనున్న స్టూలు మా ముందుకి జరిపింది.