అప్‌డేట్‌లో నా క్యారెక్టర్ బలం తగ్గించేశారు, ఆట మానేయాలా?

వెంటనే మానేయకండి. గుంటూరు బ్రాడీపేటలో మా గదిలో నాలుగు నెలలు రాత్రుళ్లు కూర్చుని పెంచిన మంత్రగాడి నిప్పు దెబ్బ ఒక్క అప్‌డేట్‌తో 900 నుంచి 620కి పడిపోయింది. ఆ పూట అన్నం సయించలేదు.

ఇలా బలం తగ్గించడాన్నే నెర్ఫ్ అంటారు. తగిలినా నొప్పి పుట్టని స్పాంజి బాణాలు పేల్చే బొమ్మ తుపాకుల బ్రాండ్ పేరది. ఒకే క్లాస్ (మంత్రగాడు, యోధుడు లాంటి క్యారెక్టర్ రకం) అన్నిచోట్లా గెలుస్తుంటే మిగతావి ఎవరూ ఎంచుకోరు, అందుకే తగ్గిస్తారు.

ముందు ప్యాచ్ నోట్స్, అంటే అప్‌డేట్‌లో ఏమేం మార్చారో చెప్పే జాబితా, మొత్తం చదవండి. నేను కోపంలో సగమే చదివాను. కూల్‌డౌన్, అంటే ఒక దెబ్బ వేశాక మళ్లీ వేయడానికి ఆగాల్సిన సమయం, కూడా 12 సెకన్ల నుంచి 8కి తగ్గించారు. లెక్కేస్తే సెకనుకు 75 పడే దెబ్బ 77 దాటింది! చేతి అలవాటు మార్చుకోవడానికి వారం పట్టింది, అంతే. పాత ఆయుధాలు మాత్రం అమ్మేయకండి, తర్వాతి ప్యాచ్‌లో మళ్లీ పెంచడం మామూలే.