అన్నదమ్ములు కలిసి బ్యాండ్ పెడితే ఎక్కువ కాలం నిలబడుతుందా?

నిలబడుతుంది, అన్న తమ్ముణ్ణి తనతో సమానంగా చూస్తే. మా ఇంట్లో అది జరగలేదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

కాలేజీలో నాది గిటార్, మా తమ్ముడిది డ్రమ్స్. పాటలన్నీ నేనే కట్టి, "ఇక్కడ ఇలా కొట్టు" అని వాడికి చెప్పేవాణ్ణి. మూడేళ్లు ఓర్చుకున్నాడు. ఒకరోజు రిహార్సల్ మధ్యలో స్టిక్స్ సంచిలో వేసుకుని లేచి వెళ్లిపోయాడు. తర్వాత పండక్కి ఇద్దరం ఇంటికొచ్చినా సంగీతం ఊసే ఎత్తేవాళ్లం కాదు.

గోజిరా అనే మెటల్ బ్యాండ్ (గట్టి గిటార్లు, అరుపులతో సాగే రాక్ సంగీతం) మా ఇద్దరికీ ప్రాణం. ఫ్రాన్స్ నైరుతి మూలన, బయోన్ దగ్గర జో, మారియో డ్యుప్లాంటియే అనే అన్నదమ్ములు 1996లో మొదలుపెట్టారు. అప్పటికి అన్నకి పంతొమ్మిదేళ్లు, తమ్ముడికి పదిహేను. మొదట పెట్టుకున్న పేరు గాడ్జిల్లా. చట్టపరమైన చిక్కు రావడంతో 2001లో గోజిరా అయింది. బ్యాండ్‌లో ఈ ఇద్దరితో కలిపి నలుగురు, 1998 నుంచి ఒక్కరు కూడా మారలేదు. జో పాడతాడు, గిటార్ వాయిస్తాడు. మారియోది డ్రమ్స్, పాట కట్టడంలో మాత్రం సగం చెయ్యి అతనిదే. 2005 నాటి 'ఫ్రమ్ మార్స్ టు సిరియస్' ఆల్బమ్ వినండి, గిటార్ డ్రమ్స్ వెంట పరిగెడుతుంది. ఈ సంగీతాన్ని అరుపులు అని తీసిపారేసేవాళ్లు ఒక్క పాటైనా చివరిదాకా విన్నారా?

'మాగ్మా' అనే ఆల్బమ్ రికార్డు చేస్తుండగా వాళ్లమ్మ జబ్బుపడి 2015లో చనిపోయింది. పని ఆగింది. మళ్లీ అదే స్టూడియోలో ఇద్దరూ కూర్చుని 2016లో దాన్ని బయటికి తెచ్చారు. అమ్మ పోయిన దుఃఖాన్ని ఇద్దరూ కలిసి మోసిన ఆల్బమ్ అది. నాకు అన్నిటికన్నా దగ్గరైనదీ అదే.

2024 జులై 26, రాత్రి పదకొండు దాటింది. తమ్ముడి ఫోన్. "అన్నా, టీవీ పెట్టు." పారిస్ ఒలింపిక్స్ ఆరంభోత్సవం. సేన్ నది ఒడ్డున కాన్సియెర్జెరీ, ఫ్రాన్స్ రాణి మేరీ ఆంట్వనెట్‌ని మరణశిక్షకు ముందు ఉంచిన జైలు. కిటికీలో తెగిన తలని చేత్తో పట్టుకున్న రాణి రూపం, గోడ మీద ఎత్తున గోజిరా, వాళ్లతో ఒపెరా గాయని మరీనా వియోటి. ఫ్రెంచి విప్లవం నాటి 'సా ఇరా' పాట. ఒలింపిక్స్ ఆరంభోత్సవంలో మెటల్ బ్యాండ్ వాయించడం అదే మొదటిసారి. నేను చూస్తున్న చానెల్లో వ్యాఖ్యాతలు పాట వినబడనీయకుండా మాట్లాడేస్తున్నారు. రెండు నిమిషాలు నోరు మూసుకుంటే ఏం పోయింది? ఇప్పటికీ కోపమే.

ఇద్దరం ఫోన్ పెట్టేయకుండా చూశాం. అయిపోయాక వాడన్నాడు: "చూశావా, డ్రమ్స్ వెనక నడవట్లేదు. పాటని లాక్కెళ్తున్నాయి."

నాకు గొంతు పూడుకుపోయింది. "అప్పట్లో నీ మాట వినలేదురా" అన్నాను. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పడుకో, పొద్దున ఆఫీసుంది" అన్నాడు.

2025 ఫిబ్రవరిలో ఆ పాటకే గ్రామీ వచ్చింది. ఆ వార్త కూడా ముందు వాడే పంపాడు, కింద నలభై సెకన్ల డ్రమ్స్ రికార్డింగ్‌తో. దాని మీద గిటార్ కడుతున్నాను, ఈసారి ఎక్కడ ఆపాలో వాడే చెప్తున్నాడు.