పిల్లికి లుకేమియా వైరస్ యాంటీబాడీ టెస్ట్ చేయించాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఇంట్లో ఆల్రెడీ ఒక పిల్లి ఉంది, మొన్న ఇంకో పిల్లిపిల్లని తెచ్చుకున్నాం. కలిపే ముందు రెండిటికీ బ్లడ్ టెస్ట్ చేయిస్తే అన్నీ నెగెటివే, కానీ రిపోర్ట్‌లో ఎఫ్ఐవీకి (పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఇంకో వైరస్) యాంటీబాడీ అని, లుకేమియాకి మాత్రం యాంటీజెన్ అని ఉంది. లుకేమియాకి యాంటీబాడీ టెస్ట్ విడిగా చేయించాలా?

జవాబు: అక్కర్లేదండీ. ఎఫ్ఐవీ ఒకసారి పట్టిందంటే ఇక జీవితాంతం ఒంట్లోనే ఉంటుంది కాబట్టి యాంటీబాడీ, అంటే వైరస్‌తో పోరాడటానికి ఒళ్ళు తయారుచేసుకునే ప్రోటీన్, కనపడితే మామూలుగా వైరస్ ఉన్నట్టే లెక్క (తల్లి నుంచి యాంటీబాడీలు వచ్చిన పిల్లల సంగతి వేరే). లుకేమియా వైరస్ అలా కాదు, కొన్ని పిల్లులు దాన్ని పూర్తిగా తరిమేస్తాయి, వైరస్ పోయినా యాంటీబాడీలు మిగిలిపోతాయి, టీకా వేసినా అవి రావచ్చు, కాబట్టి అవి ఉన్నాయని తెలిసినా ఇప్పుడు ఒంట్లో వైరస్ ఉందో లేదో తేలదు. అందుకే డైరెక్టుగా వైరస్ లోపలి ప్రోటీన్, అదే పి27, రక్తంలో ఉందా అని చూస్తాం, యాంటీజెన్ టెస్ట్ అంటే ఇదే. తమాషా ఏంటంటే ఆ కిట్‌లోనూ యాంటీబాడీలు ఉంటాయి, కానీ అవి పిల్లివి కావు, పి27ని పట్టుకోడానికి కంపెనీ వాళ్ళు పెట్టినవి. మూడు నాలుగు చుక్కల రక్తం వేస్తే పది పదిహేను నిమిషాల్లో రంగు తేలుతుంది, తల్లి యాంటీబాడీలు దీనికి అడ్డం రావు కాబట్టి ఏ వయసు పిల్లకైనా చెయ్యొచ్చు.

యాంటీబాడీ టెస్టులు లేవని కాదు, రీసెర్చ్‌కీ, ఈ పిల్లికి ఎప్పుడైనా వైరస్ తగిలిందా అని తెలుసుకోడానికీ పనికొస్తాయి, మీకు కావలసింది అది కాదుగా.

నేనైతే మీ డబ్బులు రెండోసారి యాంటీజెన్ టెస్ట్‌కి పెట్టమంటాను. వైరస్ ఈమధ్యే తగిలుంటే పి27 బయటపడటానికి 30 రోజుల దాకా పట్టొచ్చు, కొత్త పిల్లకి ఆ గడువు అయ్యాక మళ్ళీ చేయించండి. అప్పుడు పాజిటివ్ వచ్చినా కంగారు పడకండి, ఒక్క కిట్ చూసి తేల్చెయ్యకూడదు, ల్యాబ్‌కి పంపి పీసీఆర్‌తో (వైరస్ జన్యు పదార్థాన్ని వెతికే టెస్ట్) కన్ఫర్మ్ చేసుకోవాలి. కొన్నిటిలో వైరస్ డీఎన్ఏ కణాల్లో దాక్కుని ఉంటుంది, యాంటీజెన్ నెగెటివ్ వస్తుంది, పీసీఆర్ పాజిటివ్ వస్తుంది, అలాంటివి చాలావరకు బాగానే తిరుగుతుంటాయి, ఎప్పుడో ఒకసారి తిరగబెట్టొచ్చు.

మనుషులకి అంటదు, ఆ భయం వద్దు. పిల్లుల మధ్య మాత్రం ఎక్కువగా లాలాజలంతోనే పాకుతుంది, ఒకదాన్నొకటి నాకడం, ఒకే గిన్నెలో తినడం, కరవడం. రెండో రిపోర్ట్ వచ్చేదాకా వేరే గదిలో పెట్టి గిన్నెలు, లిట్టర్ ట్రే కూడా వేరుగా ఉంచండి, నెగెటివ్ అయితే టీకా వేయించి అప్పుడు కలపండి.